పేర్ల చిట్టా

జపాన్‌లోని కీయి సీమలో, హిరయామా అనే పల్లెలో హనఓకా సెయిషూ అనే వైద్యుడు ఉండేవాడు. 1760లో పుట్టి 1835లో పోయాడు. శస్త్రచికిత్స చరిత్ర రాసేవాళ్ళు ఆయన్ని వదిలిపెట్టరు. అమెరికాలో ఈథర్ వాడకంలోకి రావడానికి నాలుగు దశాబ్దాల ముందే రోగికి ఒళ్ళు తెలియకుండా చేసి, రొమ్ములోని క్యాన్సర్ గడ్డను కోసి తీసినవాడు ఆయన. ఉమ్మెత్త, వసనాభి, మరికొన్ని మూలికలు కలిపి కాచిన మందు తాగించేవాడు. ఆ పాళ్ళు కుదరడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టిందంటారు. ఆ ప్రయోగాలకు తల్లీ భార్యా తమ ఒళ్ళు అప్పగించారనీ, భార్య కాయె అందులో చూపు పోగొట్టుకుందనీ జపాన్‌లో బాగా వాడుకలో ఉన్న కథ. 1966లో అరియోషి సవాకో ఆ అత్తాకోడళ్ళ గురించి నవల రాశాక ఆ కథ దేశం దాటింది.

ఆ మందు తాగి మొట్టమొదట కత్తి కిందికి వెళ్ళిన స్త్రీ పేరు కాన్ అయియా. ఊరు యమతో సీమలోని గోజో. వయసు 60. ఆమె తోబుట్టువులు అప్పటికే రొమ్ములో గడ్డలతోనే చనిపోయారు. అంటే ఈ గడ్డ ఎక్కడికి తీసుకుపోతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఊరూ పేరూ లేని మందు తాగి, ఆ వైద్యుడు అంతవరకు ఎవరి మీదా చేయని కోతకు ఆమె ఎందుకు ఒప్పుకుందో అర్థం కావాలంటే ఆ తోబుట్టువుల చావులు గుర్తుంచుకోవాలి. పాత జపాను పంచాంగం ప్రకారం 1804 పదో నెల 13న హనఓకా ఆమె గడ్డను తీశాడు. కోత పని బాగానే జరిగింది. ఆమె ఇంటికి వెళ్ళింది.

పాఠ్యపుస్తకాల్లో కథ సాధారణంగా ఇక్కడ ఆగిపోతుంది. వైద్యుడు గెలిచాడు కదా, ఇంక చెప్పేదేముంది అన్నట్టు. తర్వాత ఆమె ఎంతకాలం బతికిందన్న ప్రశ్న చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆ జవాబు దొరికింది ఆసుపత్రి కాగితాల్లో కాదు, బౌద్ధ ఆలయంలో. జపాన్‌లో ఆలయాలు తమ పరిధిలోని కుటుంబాల్లో పోయినవాళ్ళ పేర్లు, తేదీలు ఒక పుస్తకంలో రాసి ఉంచుతాయి. మన ఇళ్ళలో ఆబ్దికం కోసం తిథి రాసి పెట్టుకున్నట్టే, ఏటా ఆ రోజున ప్రార్థన జరపడానికి. అలాంటి పుస్తకంలో ఆమె మరణం 1805 రెండో నెల 26న అని ఉంది. కోత జరిగిన నాలుగున్నర నెలలకు ఆమె పోయింది. ఆ ఒక్క తేదీ ఇంకో సంగతి కూడా తేల్చింది. హనఓకా మొదటి శస్త్రచికిత్స 1805లో జరిగిందని అంతవరకు అనుకునేవారు. ఆమె ఆ ఏడు మొదట్లోనే చనిపోయింది కాబట్టి ఆ పదో నెల 1804దే అయివుండాలి. శస్త్రచికిత్స చరిత్రలో ఒక ముఖ్యమైన తేదీని సరిదిద్దింది ఆ రోగి మరణ తేదీ.

హనఓకా దగ్గర ఇంకో కాగితం మిగిలింది. తన దగ్గరికి రొమ్ము క్యాన్సర్‌తో వచ్చిన స్త్రీల పేర్లూ ఊళ్ళూ వరసగా రాసిన పట్టిక అది. సుమారు 150 మంది ఉన్నారు అందులో. మత్సుకి అకిటోమో వంటి వైద్య చరిత్రకారులు ఇరవయ్యో శతాబ్దంలో ఈ కాగితాలను లోతుగా పరిశీలించారు. ఆ పేర్లను ఊళ్ళలోని ఆలయ పుస్తకాలతో పోల్చి చూసినప్పుడు 33 మంది మరణ తేదీలు బయటపడ్డాయి. కోత తర్వాత ఎనిమిది రోజులకే పోయినామె ఉంది. 41 ఏళ్ళు బతికినామె కూడా ఉంది. కోత తర్వాత రోగులు ఎన్నాళ్ళు బతికారన్నది ఈనాటి క్యాన్సర్ వైద్యానికి ప్రాణం లాంటి ప్రశ్న. రెండు వందల ఏళ్ళనాటి రోగుల విషయంలో ఆ ప్రశ్నకు కొంతయినా జవాబు దొరికిందంటే, ఒక వైద్యుడు పేర్లు రాసిపెట్టాడు, పల్లెల్లోని అర్చకులు తేదీలు రాసిపెట్టారు కాబట్టే. ఆ రెండింటిలో ఏది లేకపోయినా ఆ స్త్రీలు మనకు మిగిలేవారు కాదు.

రొమ్ము క్యాన్సర్ చరిత్రను నేను ఈ చిట్టా నుంచే చదవాలంటాను. మామూలుగా ఈ చరిత్ర శస్త్రవైద్యుల పేర్లతోనూ మందుల పేర్లతోనూ నడుస్తుంది. ఆ కత్తి పడిన ఒళ్ళు ఎవరివో, ఆ మందు ముందుగా ఎవరికి ఎక్కించారో వెతికితే కొద్దిమంది పేర్లు మాత్రం దొరుకుతాయి. దొరికిన ప్రతి పేరు వెనకా ఎవరో ఒకరు పనిగట్టుకుని రాసిపెట్టిన కాగితం ఉంటుంది.

హనఓకాకు ముందు కాలంలో దొరికేవి బహు తక్కువ. క్రీ.పూ. 1600 ప్రాంతానికి చెందిన ఈజిప్టు వైద్య పత్రం ఒకటి ఎడ్విన్ స్మిత్ పపైరస్ పేరుతో ప్రసిద్ధం. దాని 45వ ఉదంతం రొమ్ములో ఉబ్బిన గట్టి గడ్డల గురించి. చాలా ఉదంతాలకు కట్లూ లేపనాలూ చెప్పిన ఆ పత్రం ఇక్కడ చికిత్స లేదని తేల్చేసింది. రోగి పేరు లేదు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ పర్షియా రాణి అటోస్సా రొమ్ము మీద లేచిన వాపు గురించి రాశాడు. ఆమె సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. అది పగిలి వ్యాపించాక డెమొసెడీస్ అనే గ్రీకు వైద్యుణ్ణి పిలిపించింది. అతను నయం చేశాడంటాడు హెరొడోటస్. ఆ వాపు క్యాన్సరో కాదో ఇప్పుడు తేల్చడం కుదరదు. ఆ వైద్యుడు ప్రతిఫలంగా రాజు దృష్టిని గ్రీసు వైపు మళ్ళించమని రాణిని కోరాడు కాబట్టే ఆ సంగతి చరిత్రకెక్కింది. ఆమె బాధ యుద్ధానికి ముందుమాటగా మిగిలింది. కానీ ఆ కథనంలో ఒక వివరం అక్షరాలా నిజమని ఏ ఊళ్ళో క్యాన్సర్ వైద్యుణ్ణి అడిగినా చెబుతారు. గడ్డ చేతికి తగిలిన రోజుకూ నోరు విప్పిన రోజుకూ మధ్య సిగ్గుతో గడిచిపోయే నెలలవి.

1811 శరదృతువులో, ఎనిమిది రోజుల తేడాలో, రెండు దేశాల్లో ఇద్దరు స్త్రీలకు మత్తు లేకుండా రొమ్ము తీసేశారు. సెప్టెంబరు 30న పారిస్‌లో ఆంగ్ల నవలా రచయిత్రి ఫానీ బర్నీకి నెపోలియన్ సైన్యపు శస్త్రవైద్యుడు లారే కోత చేశాడు. ముఖం మీద పలుచని చేతిరుమాలు కప్పారు. అందులోంచి కత్తి మెరుపు కనిపించిందని ఆమె తర్వాత అక్క ఎస్తర్‌కు రాసిన ఉత్తరంలో చెప్పింది. ఆ ఉత్తరం రాయడానికి ఆమెకు నెలలు పట్టింది. రాసినదాన్ని వెనక్కి తిరిగి చదువుకునే ధైర్యం కూడా చాలలేదు. ఆమె 1840 దాకా బతికింది. కాబట్టి ఆమె కథ ఎక్కువగా వినిపిస్తుంది. బతికి బయటపడినవాళ్ళు తమ కథ తామే చెప్పుకోగలరు.

రెండో స్త్రీ అబిగైల్ ఆడమ్స్ స్మిత్. ఇంట్లో పిలుపు నాబీ. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కు తొలి చూలు బిడ్డ, 1765లో పుట్టింది. భర్త కల్నల్ విలియం స్మిత్ భూముల బేరాల్లో చేతులు కాల్చుకున్నాక న్యూయార్క్ రాష్ట్రపు లోపలి ప్రాంతంలో, లెబనాన్ అనే చోట వ్యవసాయం మీద బతుకుతున్నారు. 1810లో ఆమెకు రొమ్ములో గట్టిదనం తెలిసింది. పట్నానికి దూరం, చేతిలో డబ్బు తక్కువ, నలుగురితో చెప్పుకోని స్వభావం. మరుసటి ఏడు వేసవికి గాని మసాచుసెట్స్‌లోని క్విన్సీలో పుట్టింటికి రాలేకపోయింది. బోస్టన్ వైద్యులు మొదట భయపడాల్సిందేమీ లేదన్నారు. మాత్రలు ఇచ్చారు.

సెప్టెంబరులో ఆమె స్వయంగా ఫిలడెల్ఫియాలోని బెంజమిన్ రష్‌కు ఉత్తరం రాసింది. రష్ ఆనాటి అమెరికాలో పేరెన్నికగన్న వైద్యుడు, తండ్రికి పాత మిత్రుడు. జవాబు ఆమెకు రాలేదు. తండ్రికి వచ్చింది. కత్తి తప్ప మరో దారి లేదనీ, ఆలస్యం చేయవద్దనీ, ఆ మాట ఆమెకు నెమ్మదిగా చెప్పమనీ రష్ రాశాడు. తన జబ్బు గురించి తానే అడిగిన ఒక పెద్ద మనిషికి, నలభై ఆరేళ్ళ ఇల్లాలికి, జవాబు తండ్రి చేతుల మీదుగా అందింది. రష్ దయ గలవాడు, ఆ ఉత్తరంలో ఆప్యాయత ఉంది. అయినా ఆ పద్ధతిని చూసీ చూడనట్టు వదిలేయలేం. రోగిని దాటి ఇంట్లో మగవాళ్ళతో మాట్లాడే అలవాటు ఆ తర్వాత నూట డెబ్భై ఏళ్ళు నడిచింది. మన దగ్గర ఇప్పటికీ పోలేదు.

అక్టోబరు 8న, తల్లిదండ్రుల ఇంట్లోనే, బోస్టన్ వైద్యుడు జాన్ వారెన్ ఆ పని చేశాడు. కోతకు 25 నిమిషాలు, కట్టు కట్టడానికి గంట పైగా పట్టింది. ఇదే వారెన్ కొడుకు జాన్ కాలిన్స్ వారెన్ 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో అందరి ముందూ ఈథర్ ఇచ్చిన రోగికి శస్త్రచికిత్స చేసి చూపాడు. నాబీకి ఆ సుఖం ముప్పై అయిదేళ్ళు ఆలస్యమైంది.

గాయం మానింది. చెయ్యి లేవడానికి చాలాకాలం పట్టింది. 1812లో ఆమె లెబనాన్‌కు తిరిగి వెళ్ళింది. 1813 వచ్చేసరికి ఒళ్ళంతా నొప్పులు. వాతమన్నారు. అది వాతం కాదని ఆమెకు తెలిసే ఉండాలి. ఎందుకంటే ఆ వేసవిలో ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. చనిపోయేది తండ్రి ఇంట్లోనే అని పట్టుబట్టి, మూడు వందల మైళ్ళ దారి గుర్రపు బండిలో, కొడుకూ కూతురూ తోడుగా, అడుగడుగునా నొప్పి భరిస్తూ క్విన్సీ చేరింది. ఆగస్టు 15న అక్కడే పోయింది. వయసు 48. రష్ ఆ ఏడు ఏప్రిల్‌లోనే కన్నుమూశాడు, ఆమె చావు చూడలేదు.

మర్నాడు ఆడమ్స్ తన చిరకాల స్నేహితుడు జెఫర్సన్‌కు ఉత్తరం రాశాడు. అంతవరకు ఇద్దరి మధ్యా నడుస్తున్నవి వేదాంతం, రాజకీయం గురించిన వాదాలు. అందులో కూతురి మరణం ఒక పేరాగా వచ్చి కూర్చుంది. తమ అందరిలోకి ఆరోగ్యవంతురాలు ఆమేననీ, చివరి మూడేళ్ళు బాధకూ ఓర్పుకూ రూపంగా నిలిచిందనీ రాశాడు. నాబీ కూతురు కారొలైన్ డి విండ్ 1841లో తల్లి డైరీ, ఉత్తరాలు అచ్చువేసింది. అందులో ఎక్కువగా కనిపించేది యూరప్ చూసిన పడుచు నాబీ. ఆ అక్టోబరు రోజు గురించి మనకు తెలిసింది చాలావరకు తల్లిదండ్రుల ఉత్తరాల వల్లే. ఇల్లు రాతల ఇల్లు కావడం, తండ్రి దేశాధ్యక్షుడు కావడం లేకపోతే, ఆ ఏడు అదే వాడలో అదే జబ్బుతో పోయిన మరే స్త్రీ లాగానైనా ఆమె కూడా కనబడకుండా పోయేది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి మత్తు వచ్చింది, చేతులు శుభ్రం చేసుకోవడం వచ్చింది. కత్తి మరింత లోతుకు వెళ్ళింది. బాల్టిమోర్‌లో విలియం హాల్‌స్టెడ్ రొమ్ముతోపాటు ఛాతీ కండరాలనూ చంకలోని గ్రంథులనూ ఒకే ముద్దగా తీసేసే పద్ధతి స్థిరపరిచాడు. 1894లో 50 మంది రోగుల లెక్క ప్రచురించాడు. గడ్డ ఉన్నచోట తిరిగి రావడం బాగా తగ్గింది. ఆయన లెక్క నిజాయితీగా వేసిన మనిషి, రోగులు తర్వాత ఏమయ్యారో ఏళ్ళ తరబడి కనుక్కున్నాడు. కానీ ఆ లెక్క చెప్పిన చేదు సంగతిని శిష్యులు వినిపించుకోలేదు. జబ్బు అప్పటికే ఒంట్లో పాకినవాళ్ళకు ఎంత కోసినా లాభం లేదు. పాకనివాళ్ళకు అంత కోయనక్కర్లేదు. కుంగిన ఛాతీతో, వాచిన చేత్తో దాదాపు ఎనభై ఏళ్ళపాటు స్త్రీలు ఈ పద్ధతి మోశారు. వాళ్ళు వైద్య పత్రికల్లో అంకెలుగా ఉన్నారు. ఇళ్ళలో మౌనంగా ఉన్నారు.

ఆ మౌనం మర్యాదగా చెలామణి అయింది. 1950ల మొదట్లో న్యూయార్క్‌లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీల కోసం సమావేశం పెడుతూ ఒకామె పత్రికకు ప్రకటన ఇవ్వబోతే, ఆ జబ్బు పేరు గాని ఆ అవయవం పేరు గాని అచ్చువేయలేమన్నారు. ఛాతీ గోడ వ్యాధులని రాసుకోమన్నారు. 1961లో చికాగోలో 219 మంది వైద్యులను అడిగితే 90 శాతం మంది రోగికి క్యాన్సర్ అని చెప్పకపోవడమే తమ పద్ధతి అన్నారు.

ఆ కాలంలోనే అమెరికా శాస్త్రవేత్త రేచెల్ కార్సన్ క్రిమిసంహారక మందుల ముప్పు గురించి తన పుస్తకం రాస్తోంది. 1960 వసంతంలో ఆమెకు రొమ్ము తీసేశారు. క్యాన్సరేనా అని ఆమె సూటిగా అడిగింది. శస్త్రవైద్యుడు నిజం చెప్పలేదు. శాస్త్రవేత్తకే, ఆ పుస్తకంలో క్యాన్సర్ గురించి ఒక అధ్యాయం రాస్తున్న మనిషికే, తన ఒంట్లో ఏముందో చెప్పలేదు. ఆ డిసెంబరుకు జబ్బు పాకింది. క్లీవ్‌లాండ్‌లోని జార్జ్ క్రైల్ దగ్గరికి వెళ్ళాక గాని ఆమెకు సత్యం తెలియలేదు. హాల్‌స్టెడ్ కోతను ప్రశ్నించిన అతి కొద్ది మందిలో క్రైల్ ఒకడు. 1962 సెప్టెంబరులో ‘సైలెంట్ స్ప్రింగ్’ వచ్చింది. క్రిమిసంహారక మందుల కంపెనీలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. తనకు క్యాన్సర్ అని తెలిస్తే, జబ్బు మనిషి అక్కసుతో రాసిందంటారని ఆమెకు భయం. అందుకే దగ్గరి స్నేహితులకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. 1963 జూన్‌లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు కూర్చుని సాక్ష్యం చెప్పినప్పుడు నెత్తిమీద ఉన్నది విగ్గు, ఎముకల్లో జబ్బు. మరుసటి ఏడు ఏప్రిల్ 14న, 56 ఏళ్ళ వయసులో పోయింది. ఒకసారి ఆమె అడిగినా చెప్పకుండా దాచారు, తర్వాత ఆమే లోకం నుంచి దాచుకోవాల్సి వచ్చింది. ఆ పుస్తకం ప్రభావం గురించి బోలెడు రాశారు. అది ఎలాంటి ఒంటితో పూర్తయిందో కూడా పక్కనే చెప్పాలి.

ఈ మౌనపు గోడకు గండి కొట్టినవాళ్ళలో రోజ్ కుష్నర్ పేరు మన దగ్గర బొత్తిగా తెలియదు. ఆమె పాత్రికేయురాలు, వాషింగ్టన్ నగరం పక్కనే మేరీలాండ్‌లో ఉండేది. 1974లో ఆమెకు గడ్డ కనిపించింది. ఆనాటి పద్ధతి ప్రకారం రోగికి మత్తు ఇచ్చి, గడ్డలోంచి ముక్క తీసి, అక్కడికక్కడే పరీక్షించి, క్యాన్సర్ అయితే ఆమె మేలుకోకముందే రొమ్ము తీసేసేవాళ్ళు. కళ్ళు తెరిచి తడుముకుంటే గాని రొమ్ము ఉందో పోయిందో తెలియదు. కుష్నర్ దీనికి ఒప్పుకోలేదు. ముందు పరీక్ష చేయండి, ఫలితం నాకు చెప్పండి, తర్వాత ఏం చేయాలో నేను చెబుతాను అని పట్టుబట్టింది. ఒక్కొక్క శస్త్రవైద్యుడూ కాదంటుంటే ఫోను మీద ఫోను చేసి ఒప్పుకునేవాణ్ణి వెతుక్కుంది. ఆ సెప్టెంబరులోనే అధ్యక్షుడి భార్య బెటీ ఫోర్డ్‌కు శస్త్రచికిత్స నిశ్చయమైంది. కుష్నర్ వైట్‌హౌస్‌కు ఫోను చేసి, ఆమెకైనా రెండు విడతలుగా చేయండని చెప్పబోతే, అధ్యక్షుడు నిర్ణయం తీసేసుకున్నారని జవాబు వచ్చింది. రష్ ఉత్తరం నాటికీ ఆ ఫోను నాటికీ మారిందేమిటని అడగబుద్ధవుతుంది. బెటీ ఫోర్డ్ మాత్రం జబ్బు పేరు దాచకుండా చెప్పింది. దాంతో లక్షల మంది స్త్రీలు పరీక్షలకు వెళ్ళారు.

కుష్నర్ 1975లో పుస్తకం వేసింది. 1979 జూన్‌లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సంఘంలో వైద్యురాలు కాకపోయినా సభ్యురాలిగా కూర్చుంది. మత్తులో పరీక్ష, మత్తులోనే తొలగింపు అనే పద్ధతి మానుకోమని ఆ సంఘం సిఫారసు చేసింది. హాల్‌స్టెడ్ కోత ఇక ప్రామాణిక చికిత్స కాదన్నది కూడా. 1990 జనవరిలో కుష్నర్ అదే జబ్బుతో పోయింది. ఇవాళ గుంటూరులోనో వరంగల్‌లోనో ఒకామెకు ముందు సూదితో పరీక్ష చేసి, రిపోర్టు వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడుతున్నారంటే, అందులో కుష్నర్ పోట్లాటకు వాటా ఉంది.

కత్తి వెనక్కి తగ్గడానికి వాదన ఒక్కటే చాలలేదు, రుజువు కావాలి. పిట్స్‌బర్గ్‌లోని బెర్నార్డ్ ఫిషర్ 1971లో మొదలుపెట్టిన పరీక్షలో 1,665 మంది స్త్రీలు చేరారు. ఎవరికి పెద్ద కోత, ఎవరికి చిన్న కోత అన్నది చీటీ వేసినట్టు తేల్చారు. పాతికేళ్ళు వెంట నడిచి చూసినా బతికిన కాలంలో తేడా లేదు. మిలాన్‌లో జియాని బొనడొన్నా శస్త్రచికిత్స తర్వాత మూడు మందులు కలిపి ఇచ్చి చూశాడు. ఆ మూడింటిలో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో న్యూయార్క్ రాష్ట్రపు లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందు అది. 1948లోనే ఆయన చనిపోయాడు. 1951లో హార్లెమ్ వైద్యురాలు జేన్ రైట్ ఆ మందు రొమ్ము క్యాన్సర్ గడ్డలను తగ్గిస్తుందని చూపింది. 1976లో మిలాన్ ఫలితాలు వచ్చాయి. 27 నెలల నాటికి మందులు తీసుకున్న 207 మందిలో 5.3 శాతానికి జబ్బు తిరగబెట్టింది. తీసుకోని 179 మందిలో 24 శాతానికి.

సుబ్బారావు పేరు మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. ఆ 179 మంది ఇటలీ స్త్రీల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. అప్పటికి ఆ మందు మేలు చేస్తుందో కీడు చేస్తుందో తెలియదు, కాబట్టి వాళ్ళకు ఎవరూ అన్యాయం చేయలేదు. కానీ మందు పనిచేస్తుందని లోకానికి తెలిసింది వాళ్ళలో జబ్బు తిరగబెట్టినవాళ్ళ వల్లే. ఆ తర్వాత కోట్ల మంది ఒంట్లోకి వెళ్ళిన జ్ఞానానికి వెల కట్టినవాళ్ళు వాళ్ళు. పరిశోధన నియమాలు రోగుల పేర్లు దాచమంటాయి, అది సబబే. అలాంటప్పుడు కనీసం ఆ అంకెలను చదివేటప్పుడు మనుషులుగా చదవాలి.

పోయినవాళ్ళ పేరు ఎత్తి పట్టుకుని సాధించిన సందర్భం కూడా ఒకటి ఉంది. 1990ల మొదట్లో హెర్‌2 అనే జన్యువు అతిగా పనిచేసే రొమ్ము క్యాన్సర్ల కోసం జెనెన్‌టెక్ కంపెనీ హెర్సెప్టిన్ అనే కొత్త మందు పరీక్షిస్తోంది. కాలిఫోర్నియాలో మార్టీ నెల్సన్ అనే స్త్రీల వైద్యురాలికి 33 ఏళ్ళకే జబ్బు వచ్చింది, కొన్నేళ్ళకు తిరగబెట్టింది. పరీక్షల బయట దయతోనైనా ఆ మందు ఇవ్వమని ఆమె తరఫున అడిగారు. కంపెనీ కుదరదంది. 1994 నవంబరులో, 41 ఏళ్ళ వయసులో ఆమె పోయింది. డిసెంబరు 5న శాన్‌ఫ్రాన్సిస్కో స్త్రీల సంఘం ‘బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్’ వాళ్ళు తలకు గుడ్డ చుట్టుకున్న ఆమె ఫొటోలు పట్టుకుని, శవయాత్ర లాగా కార్ల వరసతో కంపెనీ ఆవరణలోకి దూసుకెళ్ళారు. వాళ్ళలో ఒక నర్సు, తానూ రోగే, స్టీరింగుకు తన చేతులు బేడీలతో బిగించుకుంది. ఆ తర్వాత కంపెనీ కొందరు రోగులకు పరీక్షల బయట మందు ఇవ్వడానికి ఒప్పుకుంది, ఆ స్త్రీలను పరీక్షల రూపకల్పనలో కూర్చోబెట్టింది. 1998 సెప్టెంబరులో మందుకు అనుమతి వచ్చింది. నెల్సన్‌కు అది అందలేదు.

అదే దశాబ్దంలో గులాబీ రిబ్బను పుట్టింది. దానికి ముందు కాలిఫోర్నియాలో షార్లట్ హేలీ అనే పెద్దావిడ పీచు పండు రంగు రిబ్బన్లు ఇంట్లో కత్తిరించి పంచేది. నాయనమ్మో అమ్మమ్మో, తోబుట్టువు, కూతురు, ఇందరికి ఆ జబ్బు వచ్చిన ఇల్లు ఆమెది. ప్రతి రిబ్బనుతో ఒక కార్డు ఉండేది. ప్రభుత్వం క్యాన్సర్ మీద పెట్టే ఖర్చులో నివారణకు అయిదు శాతమే పోతోంది, చట్టసభల సభ్యులను మేలుకొలపడానికి తోడు రండి అని. వ్యాపార సంస్థలు ఆ రిబ్బను అడిగితే ఆమె ఇవ్వనంది. 1992లో రంగు మార్చి గులాబీ చేసుకున్నారు. రిబ్బను వల్ల మేలు జరగలేదని నేననను. జబ్బు పేరు పైకి అనగలుగుతున్నారు, పరీక్షలకు వెళ్తున్నారు. అయితే రిబ్బనులో గెలిచినవాళ్ళ కథలే ఎక్కువగా వినిపిస్తాయి. పోయినవాళ్ళు సరిగా పోరాడలేదేమో అన్న అనుమానం ఎక్కడో మిగిలిపోతుంది. ఆ అనుమానం అబద్ధం, క్రూరం కూడా. కార్సన్ కంటే, కుష్నర్ కంటే గట్టిగా నిలబడిన మనిషిని చూపించగలరా?

మన దేశంలో పోయిన స్త్రీలను తలచుకునే దారి ఆసుపత్రి కట్టడం. ముత్తులక్ష్మి రెడ్డి 1923లో చెల్లెల్ని క్యాన్సర్‌కు కోల్పోయింది. ఆ దుఃఖమే 1954లో మద్రాసు అడయార్ క్యాన్సర్ సంస్థగా తలుపులు తెరిచింది. హైదరాబాద్‌లో 2000లో మొదలైన ఆసుపత్రికి క్యాన్సర్‌తోనే పోయిన నందమూరి బసవతారకం పేరు పెట్టారు. ఈ ఇద్దరిదీ రొమ్ము క్యాన్సర్ కాదు. కానీ ఆ రెండు చోట్లా చికిత్స పొందిన రొమ్ము క్యాన్సర్ రోగులకు లెక్కలేదు.

హనఓకా పట్టిక లాంటిది మాత్రం మన దగ్గర ఇంకా సగమే ఉంది. 1963లో బొంబాయిలో మొదటి క్యాన్సర్ రిజిస్ట్రీ పెట్టారు. 1980ల మొదట్లో భారత వైద్య పరిశోధన మండలి దాన్ని జాతీయ కార్యక్రమం చేసింది. ఆ మండలి 2020 నివేదికలో, వయసు తేడాలు సరిచేసి చూసినప్పుడు, రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలో రిజిస్ట్రీలున్న అన్ని చోట్లకంటే హైదరాబాద్ జిల్లాలో ఎక్కువ, లక్ష మంది స్త్రీలకు 48. హైదరాబాద్‌కు రిజిస్ట్రీ ఉంది కాబట్టి ఆ సంగతి తెలిసింది. 2022లో దేశం మొత్తం మీద ఈ జబ్బు కొత్తగా వచ్చినవాళ్ళు సుమారు 1,92,000 మంది, పోయినవాళ్ళు 98,000 మంది అని అంతర్జాతీయ అంచనా. అది అంచనా మాత్రమే. దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించేవి అయిదో వంతు చిల్లర. ఆసుపత్రి నుంచి ఇక లాభం లేదని ఇంటికి పంపేస్తే, ఇంట్లో కన్నుమూసిన స్త్రీ మరణ పత్రం చాలాసార్లు కారణం లేకుండానే పూర్తవుతుంది. అలా పోయినవాళ్ళు ఏ అంచనాలోనూ తమ పేరుతో లేరు.

ఇలా లెక్కకు అందకుండా పోవడం తప్పనిసరి కాదని చూపిన చోటు మహారాష్ట్రలోని సోలాపూర్ జిల్లా బార్శీ. 1987లో అక్కడ దేశంలోనే మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ మొదలైంది. చుట్టుపక్కల పల్లెల్లో పరీక్షలు చేసే ఆసుపత్రులు లేవు, కాబట్టి నగరాల్లో లాగా ఆసుపత్రి రికార్డుల మీద ఆధారపడే వీలు లేదు. కార్యకర్తలే ఊరూరా తిరిగారు. జనాన్ని కూర్చోబెట్టి గడ్డలూ మానని పుళ్ళూ అకాల రక్తస్రావాల గురించి మాట్లాడారు, ఎవరికి బాగోలేదో అడిగారు, అనుమానం ఉన్నవాళ్ళను పట్నంలోని ఆసుపత్రికి తీసుకొచ్చారు, ఎవరు పోయారో కనుక్కుని రాసుకున్నారు. వాళ్ళ అసలు పని లెక్క రాసుకోవడమే. అయితే కొన్నేళ్ళకు ఆ పల్లెల నుంచి వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగుల్లో తొలి దశలోనే వచ్చేవాళ్ళ వాటా పెరిగిందని 1990ల నడుమ వాళ్ళ లెక్కల్లోనే తేలింది.